జావీ కాగితం

"ఇందులో చావు అన్న మాట ఉందో లేదో, అదొక్కటే చెప్పండి మాస్టారండీ," అన్నాడు సత్తియ్య.

జిలానీ మాస్టారు కాగితం అందుకున్నారు. రాజోలులో ఆయన ఇంటి వరండాలో, బడి విడిచాక వచ్చిన పదిమంది పిల్లలు అరబ్బీ అక్షరాలు దిద్దుతున్నారు. సత్తియ్య ఐ.పోలవరం నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు.

"ఎక్కడిదిది?"

"మలేషియాదండి. మా ఆవిడ మరిడమ్మ అక్కడో ఇంట్లో పనికెళ్లింది. ఒకటో క్లాసు పాపని చూసుకోవాలి. నలభై రోజులై ఫోను లేదు. నిన్న ఈ కవరొచ్చింది."

"మీ ఊళ్లో ఎవరికీ చూపించలేదా?"

"ఆయ్, చూపించేనండి. అరబ్బీలా ఉంది, దేవుడి కాగితమేమో, కళ్లకద్దుకో అన్నారు."

"ఆవిడే పంపి ఉంటుంది."

"ఆవిడది వేలిముద్రేనండి. కవరు మీద అతికించిన చిరునామా చీటీ, వెళ్లేటప్పుడు ఆవిడ పెట్టెలో నేను పెట్టింది. ఆ పెట్టె వేరేవాళ్లు తెరిచేరంటే..."

మాస్టారు కాగితాన్ని వెలుతురు వైపు తిప్పారు. పై సగంలో ఒకే అక్షరం వరసగా పదిసార్లు. పక్కన ఎర్ర సిరా గీతలు. కింద రెండు వరసల రాత.

"ఆ ఎర్రగీతలు పోలీసులవాండి?"

"పంతులుగారివి. ఇది పిల్లల కాపీ పుస్తకంలో పేజీ. అక్కడి బళ్లలో చిన్నపిల్లలకి జావీ అని నేర్పుతారు. అక్షరాలు అరబ్బీవే, ఇంకో ఐదారు కలుపుకున్నారు. భాష మాత్రం మలాయ్. నాకు రాదు."

"మరి కింద రాసింది?"

"పలకగలను. అర్థం చెప్పలేను."

"పలకండి చాలు. ఆవిడ పేరొస్తే నాకు తెలుస్తాది కదండీ."

"ముందు మంచినీళ్లు తాగండి."

"చదివేయండి మాస్టారండీ."

సత్తియ్య మెట్టు మీద కూలబడ్డాడు. ముందు వరసలో పిల్ల దిద్దడం ఆపి చూసింది. మాస్టారు కుడి నుంచి వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కున్నారు.

"మ... రి... డ... మ."

సత్తియ్య కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "అయిపోయిందండి. పేరు రాసేరు."

"ఇంకా ఉంది."

మాస్టారి వేలు రెండో వరస దాకా వెళ్లి ఆగింది. మళ్లీ మొదటికి వచ్చింది. "అక్షరాలే జావీ, మాటలు తెలుగే!" అని ఈసారి ఆయన ఆగకుండా చదివారు.

"మరిడమ్మని మావా, ఫోను నీళ్లలో పడిపోయింది, పాప నేర్పితే ఇది నేనే రాసేను."