చెరి సగం

పొద్దున మైదుకూరు మీదికి మబ్బు వచ్చినట్టే వచ్చి కడప దిక్కుకు వెళ్లిపోయింది. వేరుపడ్డ అన్నదమ్ములు ఫోటో స్టూడియోలో పాత కంప్యూటర్ ముందు కూర్చుని హార్డ్ డిస్కు పంచుకుంటున్నారు. ఇద్దరికీ మాటల్లేవు కనుక మధ్యలో తల్లి విశ్వాసమ్మ కూర్చుంది.

"అమ్మా, వాని సగాన్ని ఏ పద్ధతిలో ఫార్మాట్ చేయాల్నో అడుగు. ఫ్యాట్ అయితే ఎవురైనా తెరుస్తారు. ఎన్టీఎఫ్ఎస్ అయితే తాళం ఏసుకోవచ్చు," అన్నాడు అన్న లేవి.

"ఏమప్పా, తాళముండేదా, లేనిదా?"

"తాళముండేదే," అన్నాడు తమ్ముడు ఏసుకుమార్. "కొలత సమానంగా ఉండాలని చెప్పుమా."

"అయితే నాకూ తాళమే," అని లేవి మీట నొక్కాడు.

ఫార్మాట్ చేస్తే డిస్కులో ఉన్నదంతా పోతుందని ఇద్దరికీ తెలుసు. అయ్యేదాకా రెప్ప వేయకుండా కాపలా కాశారు. భాగాలు సమానంగానే వచ్చాయి.

"పెండ్లి ఫోటోలు సీడీలకు ఎక్కించినావు కదన్నా?" వేరుపడ్డాక అన్నతో ఏసుకుమార్ ఆడిన మొదటి మాట అది.

"నువ్వు ఎక్కించింటావనుకుంటిరా."

ఎండాకాలం పెళ్లిళ్లన్నీ అందులోనే ఉండేవి. ఆల్బమ్‌ల కోసం ఆదివారం జనం వస్తారు.

"ఇంగ ఏసుకోండప్పా తాళాలు," అంది విశ్వాసమ్మ.

రెండిళ్ల నుంచి రెండు క్యారియర్లలో వచ్చిన సంగటిని ఆమె ఒకే తట్టలో వేసింది. ఎవరి ముద్ద ఏదని అడగకుండా ముగ్గురూ తిన్నారు.