విమానం ఎక్కేటప్పటి పాట

ఆ ముసలాయన పిల్లనగ్రోవి ఊదడం ఆపాక స్టూడియోలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

చలపతిరావుకి ఒళ్లు మండింది అందుకే.

నాచారంలోని ఆ స్టూడియోలో పదిహేనేళ్లుగా కీబోర్డు వాయిస్తున్నాడు. తను వాయించినప్పుడు ఇలా నోరు మూసుకుని విన్నవాళ్లు ఒక్కరూ లేరు. బట్టల దుకాణం ప్రకటనలు, పెళ్లి వీడియోలు, ఎవరెవరో చేయించుకునే కేసెట్లు, అన్నిటికీ వెనక వాయిద్యమే. ఎక్కడా పేరు పడదు. వాయించిన వాటిలో సగం అతనికే గుర్తుండవు.

ఇన్నాళ్లకి ఓ అవకాశం వచ్చింది. శంషాబాద్ నుంచి కొత్తగా విమానాలు నడుపుతున్న ఓ కంపెనీకి, జనం ఎక్కి కూర్చునేటప్పుడు వేసే పాట కావాలట. సీటు ముందు పెట్టే పుస్తకంలో 'సంగీతం' అని వేసి పక్కన పేరు అచ్చు వేస్తారట.

ఆ పేరు తనదేనని భార్య ఛాయాదేవికి చెప్పేశాడు. ఆవిడ ఉప్పల్లో వాళ్ల అపార్ట్‌మెంటు మొత్తానికి చెప్పేసింది.

అంతలో ఈయన ఊడిపడ్డాడు.

"ఎవరండీ ఈయన?" స్టూడియో యజమాని విజయ్ కుమార్‌ని అడిగాడు.

"నర్సయ్య అట, ఉప్పల్ల ఉంటడట. విమానం పాట సంగతి యాడనో విన్నడట, నేనొకటి వాయిస్త అని వచ్చిండు. మస్తు వాయించిండు గద అన్నా, ఇది గూడ పంపుదం."

"ఇంత మెల్లగానా? జనం నిద్రపోతారు."

"విమానం ఎక్కేటోళ్లకు లోపల భయముంటది సారు," నర్సయ్య అందుకున్నాడు. "పైకి చెప్పరు. గసుంటోళ్లకు ఇది మంచిగ పనిజేస్తది."

"మీరెన్నిసార్లు ఎక్కారేంటి?"

"ఒక్కపారి గూడ ఎక్కలే."

చలపతిరావూ ఎక్కలేదు. ఆ మాట మాత్రం బయటపెట్టలేదు.

కంపెనీ వాళ్లు రెండు పాటలూ చెరో వారం వేసి చూశారు. ఆ తర్వాత హరిచందన అనే ఆఫీసరమ్మాయి కాగితాలు పట్టుకుని నాచారం వచ్చింది.

"కీబోర్డు వేసిన వారం సామాను పెట్టే దగ్గర ఆరు గొడవలు సార్. బీట్ ఫాస్ట్‌గా ఉంది కదా, అందరూ తోసుకున్నారు. ఫ్లూట్ వేసిన వారం ఒక్కటే. ఒకావిడ మొదటిసారి ఎక్కారట, ఏడుస్తూ వచ్చి కూర్చున్నారు. పాట అయ్యేసరికి బెల్టు తనే పెట్టుకున్నారు."

"అయితే?"

"ఫ్లూటే తీసుకుంటాం. పుస్తకంలో వేయడానికి పేరు కావాలి."

ఆ బాణీ ఎలా ఉందో చలపతిరావుకీ తెలుసు. బాణీ బాగుంది. అసలు బాధంతా అదే. విన్నప్పటి నుంచీ స్నానం చేస్తున్నా స్కూటర్ నడుపుతున్నా అదే నోట్లో ఆడుతోంది. ఇలాంటిది నాకెందుకు తట్టలేదని కుళ్లిపోతున్నాడు.

"అది ఆయన సొంతం కాదు," అన్నాడు. "నేనెక్కడో విన్నాను."

అబద్ధమేం కాదు. విన్నట్టే ఉంది, ఎక్కడో గుర్తుకు రావట్లేదంతే.

విజయ్ కుమార్ నర్సయ్య నింపిచ్చిన కాగితం తిప్పి చూశాడు. "నిజమే, పేరు రాసే కాడ ఖాళీ ఇడిసిపెట్టిండు."

మర్నాడు నర్సయ్యని పిలిపించి అడిగారు.

"అవు సారు, నాది గాదు. దీన్ని జేసినాయన..."

"ఒప్పుకున్నాడుగా," చలపతిరావు అడ్డుపడ్డాడు. "దొంగ సొమ్ముకి కథలు కూడానా? ఇంకేం వినాలి?"

నర్సయ్య పిల్లనగ్రోవిని తువ్వాల్లో చుట్టుకుని మెట్లు దిగిపోయాడు.

ఎవరిదో తెలియని పాట వద్దనుకుని కంపెనీ వాళ్లు బొంబాయి నుంచి ఇంకోటి తెప్పించుకున్నారు. చలపతిరావు పేరు పడలేదు. ఆయనదీ పడలేదు కదా అని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

నాలుగు నెలలకి ఛాయాదేవికి పిత్తాశయంలో రాళ్లని ఉప్పల్లో ఓ చిన్న ఆసుపత్రిలో చేర్చారు. ఆమెను లోపలికి తీసుకెళ్లాక చలపతిరావు ఆపరేషన్ గది బయట కూర్చున్నాడు. ఓ నర్సు మీట నొక్కగానే గోడ అలమరలోని పాత టేప్‌రికార్డర్‌లో అదే బాణీ మొదలైంది. పిల్లనగ్రోవి మీద కాదు, కీబోర్డు మీద.

చలపతిరావు లేచి నిలబడ్డాడు. దొంగతనం జరిగిన చోటు దొరికిందన్నమాట.

"సిస్టర్, నర్సయ్య అని ఒకాయనకి ఈ కేసెట్ తెలుసా?"

"తెల్వకపోవుడేంది సార్," అంది మరియా సిస్టర్. "ఈడ స్ట్రెచర్ తోసేటోడు. పదిహేనేండ్ల సంది పేషెంట్లకు ఇదే పెట్టేటోడు. గజగజ వణికెటోళ్లు గూడ ఇది వింటె నిమ్మళమయ్యేటోళ్లు. కేసెట్ అరిగిపోతదేమో అని పిల్లంగోవి గూడ నేర్సుకున్నడు."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"పోయిన నెల గుండాగి పోయిండు సార్."

చలపతిరావు మళ్లీ కూర్చున్నాడు.

"ఒక్కటే రంది ఆయనకు," అంది మరియా. "కేసెట్ మీద పేరు లేదు. పేషెంట్ల కోసం చేయించిన డాక్టర్ సారు ఎప్పుడో పోయిండు. వాయించినాయన ఎవలో పట్టుకోవాలె అని స్టూడియోలన్ని తిరిగిండు. విమానం పుస్తకంల పేరు ఏస్తరట సిస్టర్, అది ఆయనకే రావాలె అని నాచారం గూడ పోయిండు. ఆడ ఏమైందో ఏమో, మళ్ల ఆ ముచ్చట తీయలే."

బాణీ అయిపోయింది. టేపు కాసేపు గరగరలాడింది. తర్వాత, మైకు ఆపడం మర్చిపోయినట్టున్నారు, ఓ కుర్ర గొంతు బెరుగ్గా అడిగింది.

"బాగా రాలేదేమోనండీ, ఇంకోసారి వాయించమంటారా?"

ఆ గొంతు చలపతిరావుదే, స్టూడియోలో చేరిన కొత్తల్లోది.