తాబేలు పిల్లలు చూసిన వెలుగు

ఇసుక కదిలింది. ముందు ఒక ముక్కు, వెంటనే గంపెడు తాబేలు పిల్లలు. బొటనవేలంత కూడా లేవు గానీ, ఎవరూ చెప్పకుండానే సముద్రం దారి పట్టాయి. ఎంత ముచ్చటేసిందో.

"వెలుగు ఎటుంటే అటే పోతాయమ్మా. అందుకే గదుల్లో లైట్లన్నీ ఆర్పించాను," అన్నాడు మేం దిగిన రిసార్టు కావలివాడు.

మా గదిలో లైటు నేనే ఆర్పి వచ్చాను. మోకాళ్ళు సహకరించక అమ్మ అక్కడే పడుకుంది.

నీటి అంచున పిల్లలన్నీ ఆగాయి. ఒక్కసారిగా వెనక్కి తిరిగి, అంతే నమ్మకంగా మా గది వైపు పాకసాగాయి.

"అటెందుకు పోతున్నాయి? అంతా చీకటేగా," గొణిగాడతను.

అలల హోరు తగ్గినప్పుడల్లా ఇసుక మీద వాటి సన్నని చప్పుడు వినపడుతోంది. మా గది చీకటిగానే ఉంది. వంగి పిల్లల కళ్ళలోకి చూశాను.

ఆ చిన్ని కళ్ళన్నిటిలోనూ మా కిటికీ వెలుగుతోంది.