నల్లపెట్ట వద్దనుకున్న కుక్కపిల్ల

ఒక పెరట్లో నల్లపెట్ట అయిదు పిల్లల్ని సాకుతుండేది. ముంగిస ఒకదాన్ని ఎత్తుకుపోయాక, కాపలాకి ఓ కుక్కపిల్లని తెచ్చుకుందామనుకుంది.

"నా చిన్నదాన్ని తీసుకెళ్లు వదినా, చీమ చిటుక్కుమన్నా లేస్తుంది," అంది వీధిలో ఈనిన కుక్క.

పెట్టకి మనసు లాగింది గాని, వీధికుక్క సంతానమని వెనకాడింది. "నాలుగు చోట్ల చూసొస్తా," అని పిల్లల్ని బుట్టచాటున వదిలి, జాతికుక్కల కోసం రోజూ వాడవాడా తిరిగింది. ఒకటి మరీ బొద్దు, ఇంకోదాని చెవులు నచ్చలేదు. ఒకనాడు తిరిగొచ్చేసరికి బుట్టచాటున ఒక్క పిల్లే మిగిలింది.

ఏడుస్తూ వీధిలోకి పరుగెత్తింది.

"నీకోసం పదిరోజులు చూశాను వదినా. నిన్ననే మీ పక్కదొడ్లో గొర్రె తీసుకెళ్లింది," అంది కుక్క.

ఆ సాయంత్రం పక్కదొడ్లో కుక్కపిల్ల మొరిగింది.

"అమ్మా, అది మనదేనా?" అంది కోడిపిల్ల.

పెట్ట దాన్ని రెక్కకిందికి లాక్కుంది.

"మనది కావాల్సింది తల్లీ."