గంగారాం మోసిన మాట

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి బస్సు పడిన వారమే టప్పా సంచి మోసే గంగారాం కొలువు పోయింది. ఇక ఉత్తరాలు బస్సులోనే వెళ్తాయట.

నాలుగు రోజులు ఇంట్లో కూర్చున్నాడు కానీ కాళ్లు ఊరుకోలేదు. "బస్సు ఉత్తరాలే మోస్తది. రాయరానోళ్ల మాటలు నేను మోస్త" అన్నాడు భార్యతో.

"నోటి మాటకు గూడ కూలిస్తరా?" అని ఆమె నవ్వింది.

తాడ్వాయి బాలవ్వ ఇచ్చింది. సోలెడు జొన్నలు కొలిచిపోసి, "ఎల్లారెడ్డిల నా బిడ్డకు చెప్పు. అది నా గడప తొక్కొద్దు. దాని మొకం నాకు చూపియ్యొద్దు!" అంది.

గంగారాం దారి పొడుగునా ఆ మాటే వల్లె వేసుకున్నాడు. తీరా ఆ కూతురు ఎదురొచ్చి, "మా అవ్వ మంచిగున్నదా, అన్నా?" అని అడిగేసరికి నోట వేరే మాట వచ్చింది.

"నిన్ను తోల్కరమ్మన్నది, బిడ్డా."

మర్నాడు తాడ్వాయిలో తల్లీకూతుళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే గంగారాం మెల్లగా జారుకున్నాడు. మొదటి బేరమే చెడగొట్టుకున్నందుకు ఈ బతుకుదెరువూ పోయినట్టే అనుకున్నాడు.

మూడోనాడు బాలవ్వ అతని ఇంటికే వచ్చింది.

"మద్నూర్ల నా తమ్ముడున్నడు. పదేండ్లాయె మాటల్లేక. వాడు సచ్చినా నా ఇంటికి రావొద్దని చెప్పిరా."

గంగారాం జంకుతూ అడిగాడు, "ఉన్నదున్నట్టే చెప్పాల్నా, అవ్వా?"

"నా బిడ్డకు చెప్పినట్టే చెప్పు" అంది బాలవ్వ. "జెర జల్ది పో."