ఇందుమతి నాడి

పాటకు తీర్పు చెప్పాల్సింది నోరు కాదు, నాడి అని ఖాయమైపోయిన కాలమది. ఇందుమతి కూతురు మంజీర, కోడలు సుహాసిని ఇద్దరూ ఎలక్ట్రానిక్ బాణీలు కట్టేవాళ్ళే. ఎవరి బాణీ అపార్ట్‌మెంటంతా మోగాలో తేల్చే వంతు ఈసారి ఇందుమతికే వచ్చిపడింది. రెండూ బాగున్నాయని తప్పించుకోవడానికి లేదు. చేతికి నాడి కొలిచే పట్టీ, గోడ మీద దాని అంకె.

మంజీర దరువుకి అంకె తొంభై దాటింది.

"చూశావా వదినా!"

సుహాసిని బాణీ మంద్రంగా సాగింది. అంకె డెబ్బైకి దిగి, అక్కణ్ణుంచి కదల్లేదు. కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అంతలో పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిన సంగతి ఇందుమతికి గుర్తొచ్చింది. అంకె నూట పదికి ఎగిరింది.

"అత్తయ్యా!" కోడలు చేతులు పట్టేసుకుంది.

"అంత నచ్చిందా అమ్మా?" కూతురు గోడ మీద అంకె వంక మళ్ళీ చూసింది.

"నా నాడే చెప్పాక నేనేం చెప్పనే?" అంది ఇందుమతి. లేస్తే దొరికిపోతానని, పాలను పొంగనిచ్చింది.