గాజు గిన్నెలు

ఎనిమిదేళ్ల టెస్‌కు నెలసరి మొదలైంది. "ప్లాస్టిక్‌లోని రసాయనాలు ఒక కారణం కావచ్చు. దానివల్లే అని మాత్రం చెప్పలేం," అన్నాడు అమెరికాలో ఏక్రన్ అనే ఊళ్లోని పిల్లల డాక్టరు.

ఇంటికి వెళ్లే దారిలో తల్లి కొరిన్ కసిగా స్టీరింగును గుద్దింది. "మూడేళ్లుగా గాజు గిన్నెల్లోనే పెడుతున్నా. ఇంట్లో ఒక్క ప్లాస్టిక్ సీసా ఉంచలేదు. ఇంకేం చెయ్యమంటారు నన్ను?"

వెనక సీట్లో టెస్ వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఊరుకో బంగారం. మొన్న మొదటిసారి చూసి జడుసుకున్నావు, అంతే."

"మొదటిసారి కాదమ్మా. నాలుగోసారి."

కొరిన్ కారు పక్కకు తీసి ఆపింది. "మరి నాకెందుకు చెప్పలేదే?"

"ఫ్రెండు వాళ్లింట్లో ప్లాస్టిక్ గ్లాసుతో జ్యూస్ తాగానమ్మా. అందుకే వచ్చిందనుకున్నా. నువ్వు తిడతావని, మూడుసార్లూ మేజోళ్లు మడిచి పెట్టుకున్నా."